సవరణ: రాణి చెవి గురించి

కృష్ణలంక కట్ట దగ్గర తిరిగే వీధికుక్క రాణిని మా పిన్ని ఇంటికి తెచ్చుకుందని మొన్న రాశాను కదా. అందులో, దాని చెవి కొన ఎవరో కసాయి కోసేశాడన్నాను. అది తప్పు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసిన వీధికుక్కకు గుర్తుగా, మత్తులో ఉండగానే చెవి అంచు కొంచెం కత్తిరిస్తారట. డాక్టరుగారు వేలితో తడిమి చూపించారు, గాయంలా కాదు, నున్నగా ఉంది. మంచి పని చేసినవాళ్లను నిందించాను, క్షమించండి.

ఇంకోటి. టీకా ఒకసారి పడితే ఇక టెన్షన్ లేదని రాశాను. అదీ పొరపాటే, ఏడాదికోసారి వేయించాలి. నిన్న వేయించాం. సూది గుచ్చుతుంటే రాణి పిన్ని చీర కుచ్చిళ్లలో ముక్కు దాచుకుంది.