బెర్రీ మీద చార్జిషీటు

ఇంట్లో చేసుకునే బెర్రీ సిరప్‌కి ఈ మధ్య ఒక మూలమంత్రం స్థిరపడిపోయింది. "నో కెమికల్స్, నో ప్రిజర్వేటివ్స్, ఫ్రిజ్ అక్కర్లేకుండా ఏడాదంతా నిల్వ." మూడు ముక్కలూ ఒకే ఊపిరిలో చెప్పేస్తారు. చెప్పే వీడియోలో చెక్క గరిటె ఉంటుంది, కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతుంటుంది, సీసా మెడకి జనపనార తాడు ముడేసి ఉంటుంది. ఆ తాడు చూశాక కూడా అనుమానం కలిగినవాళ్లు మనుషులే కారని అర్థం. అలాంటి మనుషులు కానివాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

మొదటి ముక్క దగ్గరే ఆగుదాం. కెమికల్స్ లేవు. చాలా సంతోషం. కాకపోతే ఈ నియమాన్ని నిజాయితీగా అమలు చేయాలంటే విచారణ గిన్నె దగ్గర మొదలైతే చాలదు, పండు దగ్గరే మొదలవ్వాలి. ముద్దాయిని బోనెక్కించాలి.

"పేరు?"

"స్ట్రాబెర్రీ అయ్యా."

"ఒంటి మీద ఆ ఎరుపేమిటి?"

"పుట్టుకతో వచ్చిందయ్యా."

"పుట్టుక సంగతి కాదు, దాని పేరు చెప్పు."

"ఆంథోసయనిన్."

గుమాస్తా పుస్తకం తిరగేస్తాడు. ఆహారంలో కలిపే పదార్థాలకి యూరప్‌లో ఇచ్చిన "ఇ" నంబర్ల పట్టికలో ఉంది. ఇ163, రంగు. హాల్లో గుసగుసలు. మరిగిస్తే చిక్కబడతావట, ఎందుకని? పెక్టిన్ వల్లనయ్యా. ఇ440. పుల్లగా ఎందుకున్నావు? సిట్రిక్ యాసిడ్. ఇ330. వెనక బెంచీలోంచి ఎవరో జాలిపడి "పాపం, సి విటమిన్ కూడా ఉందండీ, అది మంచిదే కదా" అంటారు. గుమాస్తా తల ఎత్తకుండానే "ఇ300" అంటాడు. జాలిపడ్డ మనిషి కూర్చుంటాడు.

ఈ సందట్లో క్రాన్‌బెర్రీ మెల్లగా తలుపు వైపు జరుగుతుంది. పట్టుకొచ్చి సోదా చేస్తే దాని దగ్గర బెంజోయిక్ యాసిడ్ దొరుకుతుంది. ఇ210. రంగు కాదు, పులుపు కాదు, సాక్షాత్తూ ప్రిజర్వేటివ్. ఎవరు కలిపారు? ఎవరూ కలపలేదు, మొక్క మీద ఉన్నప్పుడే సొంతంగా తయారుచేసుకుంది. అంటే "నో ప్రిజర్వేటివ్స్" చీటీ అంటించుకున్న ప్రతి క్రాన్‌బెర్రీ సిరప్పూ అబద్ధపు సాక్ష్యం చెబుతోందన్నమాట. జడ్జిగారు నీళ్లు తాగుతారు. ఆ గ్లాసు వైపు చూసి స్ట్రాబెర్రీ, భయం భయంగానే, తన ఒంట్లో 90 శాతం అదేనని, దానికీ ఒక ఫార్ములా ఉందని మనవి చేస్తుంది. కోర్టు వాయిదా పడుతుంది.

తీర్పు వచ్చేదాకా కెమికల్ లేని సిరప్ కావాలనుకునేవాళ్లు ఖాళీ సీసా పెట్టుకోవాలి. గాజులో సిలికా ఉంది కాబట్టి సీసా కూడా తీసేసి తాడొక్కటే ఉంచుకోవాలి. తాడులో సెల్యులోజ్ ఉంది. ఇక వాళ్లిష్టం.

మిగతా రెండు ముక్కలకి వస్తే, ప్రిజర్వేటివ్ వేయలేదంటున్న చేత్తోనే గిన్నెలో పోస్తున్న ఆ తెల్లటి పొడి ఏమిటట? పంచదార సిరప్‌లో ఉన్నది తీపి కోసమే కాదు. అది నీటిని తనతో కట్టిపడేసుకుంటుంది, బూజుకీ ఈస్టుకీ వాడుకోవడానికి నీరు మిగలనివ్వదు. సిరప్ నిలవడానికి ఉన్న అసలు కారణం అదే. పంచదార, నీళ్లు సమాన తూకంలో వేస్తే సగానికి సగం. అది ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు ఆగుతుంది. ఒక వంతు నీటికి రెండు వంతుల పంచదార వేస్తే ఇంకొంత కాలం. అంతకు మించి వేద్దామన్నా గది వేడిలో లీటరు నీళ్లు సుమారు రెండు కిలోల దగ్గర చేతులెత్తేస్తాయి. పైగా పండ్లు వదిలే రసం ఈ లెక్కనంతా పలచన చేస్తుంది. ఇవన్నీ చెబితే వీడియో పొడవైపోతుంది. అందుకని "ఆరోగ్యం కోసం పంచదార సగానికి తగ్గించాను" అంటారు, ఆ వెంటనే "అయినా ఏడాది బయటే ఉంటుంది" అంటారు. ఉంటుంది, కాదనడం లేదు. కాకపోతే సీసాలోని ఈస్టు ఆ పంచదారని తిని ఆల్కహాలూ కార్బన్ డయాక్సైడూ తయారుచేసి, బిగించిన మూతని ఒక అర్ధరాత్రి సీలింగుకి కొడుతుంది. దాన్ని కూడా "న్యాచురల్ ఫిజ్" అని రెండో వీడియో చేస్తారేమో.

సిరప్ ఐదు నిమిషాల్లో అయిపోతుందని కూడా ఆ వీడియోల్లో అంటుంటారు, దాని మీద ఎక్కువ చెప్పను. నిజానికి సన్నటి సెగ మీద పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. పెక్టిన్ ఎక్కువున్న పండు దొరికిందని 104, 105 డిగ్రీల దాకా మరిగిస్తే చల్లారాక సీసా బోర్లించినా చుక్క రాదు, ఎందుకంటే అది జామ్. చిక్కదనం చూశారా అని మురుసుకుంటూ స్పూనుతో తవ్వి సోడాలో వేస్తున్న దృశ్యం నేను కళ్లారా చూశాను. పులుపు విరగడానికి చిటికెడు వంటసోడా వేయమన్న మహానుభావుడూ ఉన్నాడు. ఆ ఎరుపు పులుపులోనే ఎరుపు. సోడా పడగానే ఊదాకీ, నీలానికీ తిరిగి మురుగ్గా తయారవుతుంది. ఆ ముక్క మాత్రం వీడియోలో కత్తిరించేశారు.

ఇంకో గొంతు ఉంది. అదే ఎండ, అదే గరిటె. "పంచదార మానేసి తేనె వేశాను, ఇప్పుడు చంటిపిల్లలకి కూడా నిశ్చింతగా పట్టొచ్చు."

పట్టకూడదు. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో క్లాస్ట్రిడియం బోట్యులినం అనే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మామూలుగా మొలకెత్తలేవు, పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. బిడ్డ మెడ నిలబడదు, పాలు చప్పరించే ఓపిక పోతుంది, ఊపిరి అందదు. మరిగించాం కదా అంటారు. ఇంటి పొయ్యి మీద 100 డిగ్రీలకి ఆ బీజాలు చావవు. ఇదేమీ రహస్యం కాదు, ఏ పిల్లల డాక్టర్‌ని అడిగినా ఒక్క నిమిషంలో చెబుతారు. ఆ ఒక్క నిమిషం అడగడానికి తీరిక లేదు గానీ, తాడు ముడి అందంగా వచ్చేదాకా పదిసార్లు విప్పి కట్టడానికి తీరికుందా? లైకులు కావాలా, తీసుకోండి. ఉయ్యాల్లో ఉన్న పిల్లల జోలికి రాకండి.

ఎల్డర్‌బెర్రీ అనే చిన్న నల్లటి పండుని పచ్చిగానే మిక్సీ పట్టమనేవాళ్లదీ ఇదే బాపతు. ఉడికిస్తే పోషకాలు పోతాయట! పచ్చి ఎల్డర్‌బెర్రీలో, దాని కాడల్లో, ఆకుల్లో ఇంకా ఎక్కువగా, ఒంట్లోకి వెళ్లి సయనైడ్ పుట్టించే పదార్థాలుంటాయి. 1983లో కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీలో కాడలూ ఆకులతో కలిపి పిండిన పచ్చి రసం తాగి ఎనిమిది మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ రసంలో కూడా ఎవరూ ఏ కెమికలూ కలపలేదు. నూటికి నూరు పాళ్లూ ప్రకృతే.

సిరప్ చేయడం కష్టమని ఇదంతా చెప్పడం లేదు. చాలా తేలిక. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన బెర్రీలైతే మరీ తేలిక. మంచు ముక్కలు కణాల గోడల్ని ముందే పగలగొట్టేసి ఉంటాయి కాబట్టి రసం తొందరగా వదులుతాయి. "ఫ్రెష్ పండ్లే వాడండి" అన్న హుకుంని పట్టించుకోనక్కర్లేదు. స్టీలు గిన్నె, పంచదార, దించే ముందు కాస్త నిమ్మరసం. గుడ్డలో పోసి దానంతట అదే దిగనివ్వాలి, తొందరపడి పిండితే మబ్బుగా వస్తుంది. సీసాని పది నిమిషాలు నీళ్లలో మరిగించి, వేడిగా ఉండగానే నింపి, మీద ఆవేళ తేదీ రాసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. తేదీ రాసిన సీసా మాత్రం ఒక్క వీడియోలోనూ కనబడదు. "ప్రేమతో" అని రాస్తారు. మిగిలిపోయేంత చేస్తే ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పడేయొచ్చు, నెలల తరబడి ఉంటుంది. ప్లాస్టిక్ ట్రే ఫొటోలో బాగుండదు కాబట్టి ఆ సంగతి ఎవరూ చెప్పరు.