‘ఫ్లాట్ అమ్మేసి ఊరెళ్ళిపోండి’ అన్న మెసేజ్ నమ్మి తొందరపడకండి

రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది, మా ఆయనకైతే అటు ఆఫీసు గ్రూపు నుంచీ ఇటు చుట్టాల గ్రూపు నుంచీ వచ్చింది. అందులో ఉన్నది ఏంటంటే, అరవై దాటాక హైదరాబాద్‌లో ఉండటం దండగ, ఫ్లాట్ అమ్మేసి డబ్బు బ్యాంకులో వేసుకుని సొంతూరు వెళ్ళిపోండి, ఖర్చు సగం, గాలి మంచిది, వడ్డీతో దర్జాగా బతకొచ్చు, ఆసుపత్రులు ఇప్పుడు జిల్లాల్లోనే వచ్చేశాయి, ఏదన్నా అయితే ఊరంతా పరిగెత్తుకొస్తుంది అని. చదవగానే ఎవరికైనా మనసు అటు లాగుతుంది. మాది వనస్థలిపురం, మా అత్తగారి ఊరు సూర్యాపేట అవతల. ఊరంటే నాకేం కోపం లేదు, పండక్కి వెళ్తే రావాలనిపించదు కూడా. కానీ ఇది నమ్మి ఇల్లు అమ్ముకున్నవాళ్ళు మళ్ళీ ఇక్కడికి రావాలంటే రాలేకపోతున్నారు, అది చూస్తుంటే నిజంగా బాధేస్తోంది, అందుకే ఒక్కొక్క మాటా తీసుకుని చెప్తా.

ముందు వడ్డీ సంగతి. ఈ మాట సగం కరెక్టే. మా వైపు 80 లక్షల ఫ్లాట్‌కి నెలకి అద్దె 20 వేలు వస్తే గొప్ప, అదే సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షలు వేస్తే 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తాయి, అంటే నెలకి 20,500. కాబట్టి ఈరోజుకి వడ్డీయే ఎక్కువ. కానీ ఆ 61,500 ఐదేళ్ళయినా 61,500గానే ఉంటుంది, ఆ తర్వాత రెన్యువల్ చేసుకుంటే ఆరోజు ఎంత రేటుంటే అంతే ఇస్తారు, మనిషికి 30 లక్షలు దాటి వేయనివ్వరు, వచ్చిన వడ్డీ మీద టాక్స్ కూడా ఉంది. అద్దె అలా కాదు, ఏటా ఎంతో కొంత పెంచుకుంటాం, ఫ్లాట్ మనదిగానే ఉంటుంది. ఇంకోటి, అమ్మిన 80 లక్షలూ చేతికి రావు. 2024 జులై 23 కంటే ముందు కొన్న ఇల్లయితే ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం గానీ ఇండెక్సేషన్‌తో 20 శాతం గానీ, ఏది తక్కువైతే ఆ లెక్కన లాభం మీద టాక్స్ పడుతుంది. ఆ టాక్స్‌కి మినహాయింపు ఉంది కదా అంటారు, అది ఇల్లు కొన్నా కొత్తగా కట్టినా వచ్చేది, డబ్బు తీసుకెళ్ళి బ్యాంకులో వేసుకుంటే రాదు. మరి ఊరు పడక తిరిగొచ్చి ఇక్కడే కొందామంటే ధర పెరిగి ఉంటుంది, దానిమీద రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం మళ్ళీ కట్టాలి. డెబ్బై ఏళ్ళ మనిషికి హోమ్ లోన్ ఎవరిస్తారు చెప్పండి.

ఇక ఆసుపత్రులు, ఊరంతా రావడం, ఈ రెండూ కలిపే చెప్పాలి. నల్గొండలో సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చిన మాట నిజం, చాలా మంచి పని. ఊరు పరిగెత్తుకొచ్చే మాటా నిజమే, నేను కళ్ళారా చూశా. మా బావగారు పొద్దున్నే పాలు పితకడానికి లేచారు, కుడిచేతిలోంచి చెంబు జారిపోయింది, మాట ముద్దగా వస్తోంది. పండక్కెళ్ళి మేం అక్కడే ఉన్నాం. నిమిషాల్లో ఇంటినిండా మనుషులు, ఒకరు కాళ్ళు రుద్దుతున్నారు, ఒకరు నిమ్మకాయ నీళ్ళు తెచ్చారు, ఆర్ఎంపీ వచ్చి బీపీ చూసి నీరసం అని సెలైన్ పెట్టాడు. అందరూ ప్రేమతోనే చేశారు. కానీ అది పక్షవాతం అని అక్కడ ఒక్కరికీ తట్టలేదు, మాక్కూడా. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్, పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని చూశాకే. సెలైన్ బాటిల్ అయిపోయేదాకా ఆగి, కారు మాట్లాడుకుని బయల్దేరి, పండగ రోజులు కదా పంతంగి టోల్‌గేట్ దగ్గర ఇరుక్కుని, హైదరాబాద్ చేరేసరికి టైమ్ దాటిపోయింది. ఆయన ఇప్పటికీ ఎడమచేత్తోనే తింటున్నారు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఎవర్నీ అడక్కుండా 108కి ఫోన్ చేయండి, ఏ ఊర్లో ఉన్నా సరే.

పైగా వయసు మీద పడ్డాక ఆసుపత్రి ఒక్కరోజుతో అయిపోయే పని కాదు. డయాలసిస్ అంటే చాలామందికి వారానికి మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. రేడియేషన్ అంటే మామూలుగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు. జిల్లాల నుంచి ఇక్కడి నిమ్స్‌కీ, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికీ వచ్చినవాళ్ళని అడగండి, ట్రీట్‌మెంట్ ఖర్చు ఒక ఎత్తు, ఇక్కడ గది అద్దెకి తీసుకుని ఉండటం ఒక ఎత్తు. ‘ఖర్చు సగం’ అని రాసినవాళ్ళు ఈ రాకపోకలు లెక్కలో వేసుకోలేదు. బియ్యం, పాలు ఊర్లో చవకే, ఒప్పుకుంటా. కూరగాయలు మాత్రం మా రైతుబజార్లోనే చవక, మా తోడికోడలు పెరట్లో బీరపాదు పెడితే కోతులు పిందె మీదే తెంపేస్తున్నాయి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలన్నా పక్కన కర్ర పెట్టుకుని పడుకుంటుంది.

గాలి గురించి నేను వాదించను. ఊర్లో గాలి నయమే, వరిగడ్డి తగలబెట్టే రోజులు తప్పిస్తే.

మెసేజ్‌లో అసలు లేని మాట ఇంకోటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది అదే. సొంతూరు అంటారు, ఎవరి సొంతూరు? మా ఆయన పుట్టిన ఊరది. ఆయనకి రచ్చబండ దగ్గర కూర్చోడానికి చిన్నప్పటి దోస్తులున్నారు. నేను అక్కడ పెద్దింటి కోడల్ని, ఎంత వయసొచ్చినా అంతే. నా ఫ్రెండ్స్, నా వాకింగ్ బ్యాచ్, నా షుగర్ డాక్టర్, ఇరవై ఏళ్ళుగా నా జాకెట్లు కుట్టే ఆవిడ, అందరూ ఇక్కడే. 2023 డిసెంబర్ నుంచి బస్సు ఫ్రీ కాబట్టి ఎవర్నీ డబ్బులడక్కుండా, ఎవర్నీ తీసుకెళ్ళమనకుండా దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళొస్తా. ఆడవాళ్ళకి పల్లెవెలుగు కూడా ఫ్రీయే, కానీ ఆ ఊరికి అది పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి.

చెప్పకూడదు గానీ చెప్పాలి, ఇద్దర్లో ఒకరు ముందు పోతారు. చాలా ఇళ్ళల్లో మొగుడే పెద్దవాడు కాబట్టి ఎక్కువగా మిగిలేది ఆడమనిషి. ఫ్లాట్ అమ్మేశాక ఆయన పోతే ఆవిడ ఎక్కడుండాలి? ఇల్లు ఉమ్మడిది, గోడ అవతల పాలివాళ్ళు, హద్దుల గొడవ తాతల నాటి నుంచీ ఉంది, పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో. ఈ నిర్ణయం అరవైలో ఇద్దరూ గట్టిగా ఉన్నప్పుడు తీసుకుంటాం, కానీ దాన్ని అనుభవించేది డెబ్బై ఎనిమిదేళ్ళ ఒంటరి మనిషి, కళ్ళు సరిగ్గా కనపడని మనిషి. చోటు చూసుకునేటప్పుడు ఆ మనిషికి సరిపోతుందా అనే చూసుకోవాలి.

ఊరు మీద అంత ప్రాణం ఉంటే వెళ్ళండి, నేను వద్దనను. కానీ ఫ్లాట్ అమ్మకండి, 11 నెలల అగ్రిమెంట్ మీద అద్దెకివ్వండి. సామాను కొంత తీసుకెళ్ళి మే ఎండల్లో ఉండి చూడండి, వానాకాలం కరెంటు పోయి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఏమవుతుందో అని కూర్చునే రాత్రి కూడా ఉండి చూడండి. పాత ఇంటికి రిపేరు చేయిస్తే ముందు బాత్రూమ్‌లో కమోడ్, పట్టుకోడానికి రాడ్డు పెట్టించండి. ఫ్లాట్ ఒక్కరి పేరు మీదే ఉంటే వీలునామా ఇప్పుడే రాయించి రిజిస్టర్ చేయించండి. అగ్రిమెంట్ అయిపోయే ముందు ఇంటావిడని కూర్చోబెట్టి అడగండి, పిల్లలు, బావగార్లు ఎవరూ పక్కన లేనప్పుడు అడగండి, ఆవిడ ఊర్లోనే ఉందామంటే అప్పుడు ఇంకో 11 నెలలు రాయించుకోండి.