నేపుల్స్‌లో పల్లకీ సేవ

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్ వీధులు గీసిన గ్రీకుల మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. ఊరికి నేయాపోలిస్, అంటే కొత్త ఊరు అని పేరైతే పెట్టుకున్నారు గానీ, అంత కొత్తగా కట్టేటప్పుడు పిల్లల బండి ఎటునుంచి పోవాలో ఒక్కడూ ఆలోచించలేదు. తర్వాత నార్మన్లు వచ్చారు, ఫ్రెంచివాళ్లు వచ్చారు, స్పానిష్‌వాళ్లు వచ్చారు, వచ్చిన ప్రతివాడూ ఓ కోటో చర్చో కట్టి పోయాడు, ర్యాంపు మాత్రం ఎవడికీ తోచలేదు. 1995లో యునెస్కో వచ్చి పాత ఊరంతటికీ ప్రపంచ వారసత్వం అని ముద్ర వేసింది. ఇక ఆ రాళ్లు కదిలే ప్రశ్నే లేదు.

మేముండేది జర్మనీలో, నేపుల్స్‌కి ఊరు చూద్దామని వచ్చాం. మూడు వారాలు రివ్యూలు చదివి, సస్పెన్షన్ గురించీ బెల్టుల గురించీ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి మరీ కొన్న స్ట్రోలర్ ఇది, నా పెళ్లి సంబంధానికి కూడా ఇంత వాకబు జరగలేదు. బండి 13 కిలోలు, పిల్ల 9 కిలోలు. ఈ లెక్కలో తేడా ఎక్కడుందో మనవరాలి కోసం గుంటూరు నుంచి మూడు నెలల వీసా మీద వచ్చిన మా అమ్మ మొదటిరోజే కనిపెట్టింది. "ఒరేయ్, చంకనేసుకుని పోయేదానికి ఈ రథం ఎందుకురా?" అంది. పిల్ల వెన్నెముక గురించి, శాస్త్రీయంగా, చాలాసేపు చెప్పాను. ఆవిడ వినలేదు.

మొదటి పరిశోధన స్పాకనాపోలి వీధిలో. ఊరిని నిలువునా చీల్చే ఆ సందులో పరిచినవి నల్లటి అగ్నిపర్వతపు రాళ్లు. అమ్మాయి "ఆ" అని ఒక్క అక్షరం పట్టుకుంది, ఆ రాళ్ల మీద చక్రాలు దొర్లుతుంటే ఆరేళ్లు సంగీతం మాస్టారి దగ్గర కూర్చున్నా రాని గమకాలు పలికింది. వెనకనుంచి ఒకే స్కూటర్ మీద ముగ్గురు హారన్ కొట్టుకుంటూ వచ్చారు, అమ్మకి మొదటిసారి యూరప్ నచ్చింది.

న్యాయంగా చెప్పాలంటే సముద్రం ఒడ్డున వయా పార్తెనోపే చదునుగా ఉంది. అక్కడ పిల్ల నిద్రపోయింది కాబట్టి చెప్పడానికేమీ లేదు. పక్కనే నీళ్లలో ఉన్న కోటలో వర్జిల్ కవి ఒక గుడ్డు దాచాడని, అది పగిలితే ఊరే కూలిపోతుందని పాత కథ. ఆ గుడ్డుని మా స్ట్రోలర్‌లో పెట్టి స్పాకనాపోలి దాటించి ఉంటే ఈపాటికి నేపుల్స్ ఉండేది కాదు.

ఇక కొండ. పైకి ఫ్యూనిక్యులర్‌లో వెళ్లాం, 1928లో మొదలైన తాడు రైలు. రైలు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ప్లాట్‌ఫారం కూడా మెట్లు మెట్లుగానే ఉంటుందన్న సంగతి అక్కడికి వెళ్లాక అర్థమైంది. దిగడానికి ఫోన్లో మ్యాపు పెదమెంతీనా అనే దారి చూపించింది. అది దారి కాదు, 414 మెట్లు. నేను బండి ముందుచక్రాలు ఎత్తి పట్టుకుని మూడోమెట్టు మీద ఆలోచిస్తుంటే ఎవరో ఇద్దరు కుర్రాళ్లు ఒక్క మాటైనా అడక్కుండా చెరో పక్కా పట్టేసుకున్నారు. వాళ్లకి చేతులు నొప్పి పుట్టేసరికి కింద నుంచి వస్తున్న ఇంకో ఇద్దరికి అప్పగించారు, వాళ్లు ఎక్కేదల్లా మానేసి వెనక్కి తిరిగి దిగారు! దీనికో కౌంటర్ లేదు, టోకెన్ లేదు, ఫిర్యాదుల పుస్తకం లేదు. జర్మనీలో అయితే శుభ్రంగా లిఫ్టు ఉండేది, నేనొక్కణ్ణే దిగేవాణ్ణి. బోయీల్లో ఒకడు సగం దారిలో ముద్దు చేద్దామని లోపలికి తొంగిచూశాడు. లోపల డైపర్ల సంచి, నీళ్ల సీసా, అరకిలో జున్ను ఉన్నాయి. పిల్ల అప్పటికే యాభై మెట్ల కింద, అమ్మ చంకలో ఉంది.

కింద గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక ముసలావిడ కూర్చుంది. పిల్లని చూడగానే "కే బెల్లా" అని బుగ్గ పట్టుకుని, అక్కడున్న దిష్టి చుక్కని మసి అనుకుని బొటనవేలితో శుభ్రంగా తుడిచేసింది. అమ్మ మొహం మారిపోయింది. తన కళ్లు చూపించి, పిల్ల చుట్టూ చెయ్యి మూడుసార్లు తిప్పి, ఉమ్మినట్టు చేసింది. "మలోక్కియో!" అంది ముసలావిడ, నెత్తి కొట్టుకుని. లోపలికెళ్లి, వేలెడు పొడవున్న ఎర్రటి కొమ్ము ఒకటి తెచ్చింది. ఆ ఊళ్లో దిష్టికి అదే మందు, ఎవరికి వాళ్లు కొనుక్కుంటే పనిచేయదట, ఇంకొకరు ఇవ్వాలట.

"మిరపకాయ!" అంది గుంటూరు మనిషి, పొంగిపోయి.

కొమ్ము అని నేను చెప్పాను గానీ ఎవరూ పట్టించుకోలేదు. ముసలావిడ దాన్ని తీసుకెళ్లి బండి హ్యాండిల్‌కి గట్టిగా ముడేసింది.

"పిల్లకి కట్టకుండా బండికి కట్టిందేంటమ్మా?" అన్నాను.

"ఊరంతా మోస్తున్నది దాన్నే కదరా," అంది అమ్మ.