ఇంటి దగ్గర కారు రిపేరు: పక్కింటి ఫిర్యాదుకు మందు పనిలోనే ఉంది

సొంత కారుకు ఆయిల్ మార్చుకోవడం, బ్రేకు ప్యాడ్లు వేసుకోవడం తప్పేమీ కాదు. చేతనైన పని చేసుకుంటే డబ్బు మిగులుతుంది, బండి మీద పట్టు వస్తుంది. అయినా జాకీ నాలుగైదుసార్లు బయటికి తీసేసరికి పక్కింటి నుంచి మాట వస్తుంది. మొదట నవ్వుతూ అంటారు, తర్వాత ముఖం మాడ్చుకుని అంటారు, ఆ తర్వాత కాలనీ సంఘానికో మునిసిపాలిటీకో కాగితం వెళ్తుంది. పని చేసుకునేవాళ్లలో చాలామంది దీన్ని ఓర్వలేనితనం కింద కొట్టిపారేస్తారు. అది తొందరపాటు తీర్పు. ఇలాంటి ఫిర్యాదులకు ఎక్కువగా పని చేసే తీరులోనే కారణం ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద కారణం చప్పుడూ మరకా అనుకుంటాం గానీ, ఎప్పటికి పూర్తవుతుందో ఎవరికీ తెలియకుండా జాకీ స్టాండ్ల మీద నిలిచిపోయిన కారే పొరుగువారి ఓపికను ముందుగా తినేస్తుంది.

చట్టాలు రాసినవాళ్లు కూడా ఈ సంగతి పట్టుకున్నారు. బ్రిటన్‌లోని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి క్లీన్ నైబర్‌హుడ్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ చట్టం రోడ్డు మీద బండ్ల రిపేరును నేరంగా చూస్తుంది. వ్యాపారంగానో డబ్బు కోసమో చేయడం లేదని రుజువు చేసుకున్నవాళ్లకు మినహాయింపు ఉంది. చుట్టుపక్కలవాళ్లు విసుక్కోవడానికి తగిన కారణం కల్పిస్తే ఆ మినహాయింపు పోతుంది. యాక్సిడెంటో బ్రేక్‌డౌనో అయి, తప్పనిసరి పని 72 గంటల్లోపు చేసుకుంటే అది వేరే లెక్క. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ నిబంధనలు ఇంటి దగ్గర చిన్నపాటి పనులు ఒప్పుకుంటూనే మూడు గీతలు గీశాయి: మామూలుగా ఇళ్లలో ఉండని పనిముట్లు వాడకూడదు, ఆ ఇంట్లో ఉండనివాళ్ల పేరున ఉన్న బండి ముట్టుకోకూడదు, మూసిన గ్యారేజీకి బయట బండిని 24 గంటలకు మించి కదలని స్థితిలో ఉంచకూడదు.

మొదటి గీత ఎంతదాకైనా సాగుతుంది. నట్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి మామూలు ఇళ్లలో ఉండదు, కానీ వీల్ నట్లు అందాజుగా బిగించిన బండి రోడ్డు మీద అందరికీ ప్రమాదమే. మిగతా రెండు గీతలు న్యాయమైనవి. వారానికో కొత్త బండి గుమ్మం ముందు ఆగుతుంటే, డబ్బు చేతులు మారినా మారకపోయినా, చూసేవాళ్లకు అది మెకానిక్ షెడ్డే. స్నేహితుడి బండి, బావమరిది బండి, ఆఫీసులో తోటి ఉద్యోగి బండి అంటూ మొహమాటానికి ఒప్పుకున్న పనుల వల్లే ‘ఇంట్లో గ్యారేజీ నడుపుతున్నారు’ అనే ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడ్డాక సొంత కారు బానెట్ ఎత్తినా అనుమానంగానే చూస్తారు.

రెండు గంటల పని రెండు వారాలు ఎందుకవుతుంది?

చేయి తిరగకపోవడం వల్ల ఆగిపోయే పనులు తక్కువ. విప్పాక పార్టు సరిపోకపోవడం, తుప్పు పట్టిన బోల్టు తల తెగిపోవడం, కావలసిన పనిముట్టు ఒక్కటి లేకపోవడం, ఎక్కువసార్లు జరిగేవి ఇవే. వెనక బ్రేకు ప్యాడ్ల సంగతి చూడండి. ముందు చక్రాల క్యాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పిస్టన్‌ను సి-క్లాంపు అనే బిగింపు పనిముట్టుతో నొక్కితే లోపలికి పోతుంది. హ్యాండ్ బ్రేకు మెకానిజం వెనక క్యాలిపర్‌లోనే ఉన్న కార్లలో చాలావాటికి పిస్టన్ అలా పోదు, తిప్పుతూ నొక్కాలి, దానికి వేరే పనిముట్టు కావాలి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే ముందుగా దాన్ని రిపేరు కోసం ఉండే సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. ఇది తెలియక క్లాంపుతో బలవంతం చేస్తే లోపలి మెకానిజం పాడవుతుంది. పాత ప్యాడ్లు అరిగిపోయాయి, కొత్తవి పట్టవు, బండి కదలదు. పక్కింటివాళ్ల గేటుకు సగం అడ్డంగా అది అలాగే ఉండిపోతుంది.

అందుకే చక్రం ఊడదీయకముందే సామానంతా చేతిలో ఉండాలి. మోడల్, సంవత్సరం చెప్పి కొంటే చాలదు, ఒకే ఏడాది వచ్చిన వేరియంట్లలో కూడా ప్యాడ్లు తేడాగా ఉంటాయి. ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు సరిచూసుకోవాలి. డ్రెయిన్ ప్లగ్ (ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే బిరడా) వాషరు, క్యాలిపర్ క్లిప్పులు, స్ప్లిట్ పిన్నులు చిన్న వస్తువులే కానీ అవి లేక ఆగిన పనులు ఎన్నో. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున మరోసారి తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి నాననివ్వాలి. ఒక పక్క చక్రం పని పూర్తిగా ముగిశాకే రెండో పక్క విప్పాలి, మతిమరుపు వస్తే చూసుకోవడానికి నమూనా అలాగే ఉంటుంది. సాయంత్రం మొదలుపెట్టకండి. పొద్దున్నే మొదలుపెడితే, కొన్నది తప్పు పార్టు అని షాపు తెరిచి ఉండగానే తెలుస్తుంది.

ఎంత చూసుకున్నా పని ఆగిపోయే రోజు వస్తుంది. అప్పుడు విప్పినవి తిరిగి పెట్టి, చక్రం ఎక్కించి, బండిని కిందికి దించాలి. సామాను డిక్కీలో సర్ది, నేల ఊడ్చి, కవరు కప్పాలి. చక్రాల మీద నిలబడ్డ బండిని కనీసం పక్కకు తోయవచ్చు. బ్రేకులు సగం విప్పిన బండి అయితే స్టీరింగుకు ‘నడపకూడదు’ అని కాగితం కట్టాలి. హైడ్రాలిక్ జాకీ మీదే బండిని వదిలేసి భోజనానికి వెళ్లడం కూడా క్షమించరానిది. సీలు కారితే జాకీ మెల్లగా దిగుతుంది, వీధిలో ఆడుకునే పిల్లల బంతి దొర్లేది బండి కిందికే. ఈ విషయం మీద పొరుగువారు గొడవకు వస్తే న్యాయం పూర్తిగా వాళ్ల వైపే ఉంది.

చప్పుడు లెక్క

డెసిబెల్ కొలతలో 10 పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది, చెవికి సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్లు తగ్గుతుంది. నట్లు విప్పే ఇంపాక్ట్ గన్ మోత ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్లు అనుకుంటే, 8 మీటర్ల దూరంలోని పక్కింటి కిటికీ దగ్గర ఇంకా 82 ఉంటుంది. గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చేది అదనం. మామూలు సంభాషణ 60 దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఆ కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఫోను మాట్లాడలేరు. ‘ఎంతసేపని, రెండు నిమిషాలేగా’ అనేవాళ్లు ఆ రెండు నిమిషాలు నట్టు నట్టుకూ విడివిడిగా, నాలుగు చక్రాలకూ, ఓ గంట పొడవునా వస్తాయని మరిచిపోతారు.

నిజానికి ఆ గన్ అవసరమే తక్కువ. చాలా కార్లకు వీల్ నట్ల బిగింపు 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) మధ్య ఉంటుంది. అర మీటరు బ్రేకర్ బార్ (నట్లు సడలించే పొడవాటి పిడి) చివర 20 కిలోల బరువు వేస్తే దాదాపు 100 న్యూటన్ మీటర్లు వస్తుంది. తుప్పుకు మొరాయించే నట్టు కూడా మనిషి బరువంతా మోపితే సాధారణంగా కదులుతుంది. చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు సడలించి, తర్వాత జాకీ ఎత్తితే సరిపోతుంది. కంప్రెసర్ మోత కూడా తప్పుతుంది.

బ్రేకు డిస్క్ హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) అతుక్కుపోయినప్పుడు సుత్తి తీసి మోగిస్తూ పోవడం ఇంకో అలవాటు. ఆగకుండా వచ్చే మోతకు చెవి కొంత అలవాటు పడుతుంది కానీ, ఇనుము మీద దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి ప్రతి దెబ్బకూ ఉలిక్కిపడాల్సిందే. చాలా డిస్కుల ముఖం మీద మరలు కోసిన రెండు రంధ్రాలు ఉంటాయి, ఎక్కువగా 8 మిల్లీమీటర్ల బోల్టు పట్టేవి. రెండిట్లోనూ బోల్టులు పెట్టి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు బిగిస్తూ పోండి. బోల్టు మొనలు హబ్బును తోస్తాయి, తుప్పు పొర టక్కున విడిపోయి డిస్క్ చేతిలోకి వచ్చేస్తుంది. ఆ రంధ్రాలు లేని డిస్కులకే సుత్తి, అదీ పెనెట్రేటింగ్ ఆయిల్ నానాక. గ్రైండర్ తప్పని పనులుంటే అన్నీ ఒకే గంటలోకి సర్దుకుని, ఆ గంట ఎప్పుడో ముందే చెప్పాలి.

పొగ సంగతి. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోనే వాసన ఘాటుగా ఉంటుంది. అప్పుడు పెట్రోలు మిశ్రమం చిక్కగా పోతుంది, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250–300 డిగ్రీలకు వేడెక్కేదాకా సరిగా పనిచేయదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే సైలెన్సర్ గొట్టం వీధి వైపు ఉండేలా బండి నిలపాలి, పక్కింటి కిటికీ వైపు కాదు. మూసిన గ్యారేజీలో ఇంజన్ ఎప్పుడూ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

నేల మీద పడేవి

కారు ఇంజన్లో సాధారణంగా 3.5 నుంచి 5 లీటర్ల ఆయిల్ ఉంటుంది. డ్రెయిన్ ప్లగ్ చివరి మర వదలగానే అది నిలువుగా కారదు. విల్లులా వంగి, ప్లగ్ చూసే వైపుకు జానెడు దూరం చిమ్ముతుంది. పళ్లెం సరిగ్గా ప్లగ్ కింద పెట్టినవాళ్లకు మొదటి గ్లాసెడు నేలపాలే. మట్టం తగ్గేకొద్దీ ధార వెనక్కి జరుగుతుంది, చివర్లో సన్నబడ్డాక కాస్త గాలికే పక్కకు పోతుంది. అందుకే వెడల్పాటి అట్టపెట్టె విప్పి కింద పరచాలి, పళ్లెం అంచు ప్లగ్‌ను దాటి ముందుకు ఉండాలి. ఫిల్టర్ విప్పేటప్పుడు కూడా పళ్లెం తీయకూడదు, దానిలో నిలిచిన ఆయిల్ పక్కల నుంచి జారుతుంది. అది వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే తర్వాత స్టార్ట్ చేసినప్పుడు నీలి పొగ లేస్తుంది, బండి అంటుకుందని పక్కవాళ్లు పరుగెత్తుకొస్తారు. ముందే గుడ్డతో తుడిచేయాలి.

నేల మీద పడినదాని మీద వెంటనే రంపపు పొట్టో సన్న ఇసుకో పోసి, చెప్పుతో బాగా నలిపి, రాత్రంతా వదలాలి. ఊడ్చాక డిటర్జెంటుతో గట్టి బ్రష్ పెట్టి రుద్దాలి. ఆలస్యమైతే సిమెంటు పీల్చేసుకుంటుంది, ఇక ఆ మరక పోదు. తారు నేల అయితే పెట్రోలు, ఆయిల్ పడ్డచోట మెత్తబడుతుంది. ఎండలో స్టాండు కాళ్లు కూడా దానిలో దిగబడతాయి, కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయాలి. నీళ్లు కొట్టి ఆయిల్‌ను కాలువలోకి తోయడం మాత్రం వద్దే వద్దు. ఒక్క ఆయిల్ మార్పులో వచ్చే పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునేచోట ఇవ్వాలి.

ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ అంతకన్నా ప్రమాదం. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, జంతువులు నాకేస్తాయి. నాలుగు కిలోల పిల్లి ప్రాణం తీయడానికి ఒక టీస్పూను చాలు, కిడ్నీలు దెబ్బతింటాయి. పక్కింటి పిల్లి చనిపోయాక ఏ క్షమాపణా అతకదు. చుక్క పడినా అప్పుడే తుడిచి కడగాలి.

మాట ఎలా కలపాలి

పని రోజు తెల్లవారి చెప్పడం కన్నా ఒక రోజు ముందు చెప్పడం మేలు. చెప్పేటప్పుడు మూడు ముక్కలు ఉండాలి: ఏ పని, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, అందులో మోత ఎంతసేపు. ‘రేపు పొద్దున పది నుంచి పన్నెండు దాకా బ్రేకుల పని పెట్టుకున్నానండీ. మధ్యలో ఓ పది నిమిషాలు చప్పుడు ఉంటుంది. పాప నిద్రపోయే టైమైతే చెప్పండి, మార్చుకుంటాను.’ ఇంతే. ‘పన్నెండు దాకా’ అన్న మాటే ఇందులో అసలైనది. పన్నెండు దాటేలా ఉంటే పదకొండున్నరకే వెళ్లి చెప్పాలి, వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగకూడదు.

ఫిర్యాదు వచ్చాక సంజాయిషీతో మొదలుపెట్టకూడదు. ‘ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉందండీ, చప్పుడా, వాసనా, బండి అడ్డంగా ఉండటమా?’ అని అడిగితే కోపం ఒక ప్రశ్నకు కుదురుకుంటుంది. చప్పుడని అరిచిన పెద్దాయనకు అసలు బాధ తన బండి తిప్పుకోవడానికి చోటు లేకపోవడం కావచ్చు. అదైతే బండి రెండడుగులు ముందుకు జరిపితే తీరిపోతుంది. అడగకపోతే చినికి చినికి గాలివాన అవుతుంది.

‘మీ బండికీ ఆయిల్ మార్చిపెడతాను’ అని పొరుగువారిని మంచి చేసుకోవాలని కొందరు సలహా ఇస్తారు. దీనితో ఏకీభవించడం కష్టం. మరుసటి నెల ఆ బండికి ఏ లోపం వచ్చినా నింద మీ మీదికే వస్తుంది, బ్రేకుల పనైతే నిందతో పోదు. పైగా పరాయి బండి ముట్టుకోవడమంటే షెడ్డు అన్న ముద్రను మీ చేతులతో మీరే వేసుకోవడం. బ్యాటరీ దిగిపోయినప్పుడు జంపర్ కేబుల్ ఇవ్వండి, టైర్లలో గాలి కొట్టిపెట్టండి. అక్కడ ఆగండి.

ఏం చేసినా తగ్గని ఫిర్యాదులూ ఉంటాయి. బానెట్ ఎత్తి ఉండటమే కంటికి నచ్చనివాళ్లుంటారు. వాళ్ల కోసం పని మానుకోనక్కర్లేదు. తేదీ, చేసిన పని, మొదలు, ముగింపు టైము ఒక పుస్తకంలో రాసి, పని అయ్యాక శుభ్రమైన నేల ఫొటో తీసిపెట్టుకోండి. పార్టుల బిల్లులు ఉంచుకుంటే బండి మీదేనని, వ్యాపారం కాదని చూపించవచ్చు. అద్దె ఒప్పందం, సంఘం నిబంధనలు, స్థానిక సంస్థ నియమాలు ముందే చదివి ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లతో మాట్లాడటం తేలిక. పేరు లేకుండా ఫిర్యాదు చేసినవాళ్లెవరని మాత్రం వెతకవద్దు. దొరికినా ఒరిగేదేమీ లేదు.

కొన్ని పనులు ఎంత నేర్పు ఉన్నా ఇంటి దగ్గర చేయకూడదు. ఐసోసైనేట్ అనే రసాయనం ఉన్న టూ-ప్యాక్ పెయింటు (రెండు భాగాలు కలిపి వాడేది) స్ప్రే చేస్తే పీల్చినవాళ్లకు ఆస్తమా రావచ్చు, తుంపర గాలికి వెళ్లి పక్క కార్ల మీద గరుకుగా అంటుకుంటుంది. ఏసీ గ్యాస్ గాలిలోకి వదలడం చాలా దేశాల్లో నిషేధం. పెట్రోలు ట్యాంకు దించడం, దాని దగ్గర వెల్డింగ్ చేయడం వర్క్‌షాపు పనులు.

అపార్ట్‌మెంటు పార్కింగులో హద్దు ఇంకా దగ్గరగా ఉంటుంది, అక్కడి నేలా గాలీ అందరివీ. డ్రెయిన్ ప్లగ్ విప్పే పని, జాకీ మీద గంటలు నిలిపే పని అక్కడ పెట్టుకోకూడదు. బ్యాటరీ, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు మార్చుకోవచ్చు. స్పార్క్ ప్లగ్గులైతే ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి, ప్లగ్గులు బిగించి ఉండే అల్యూమినియం హెడ్డు వేడిగా ఉండగా తిప్పితే మరలు ఊడి వస్తాయి, ఇక బండిని కదిలించడానికి టోయింగ్ వ్యానే పిలవాలి.