చేసిందీ లెక్కే, చెరిపిందీ లెక్కే

వైఎస్సార్ కాంగ్రెస్ నాయకులకు మైకు దొరికితే చాలు, 2019 నుంచి 2024 దాకా తాము చేసిన చట్టాల చిట్టా విప్పుతారు. వినేవాళ్లు నవ్వుకుంటారు. నేను మాత్రం శ్రద్ధగా వింటాను, ఎందుకంటే అలాంటి చిట్టా ఇంకెవరికీ సాధ్యం కాదు. మామూలు ప్రభుత్వానికి ఒక చట్టం చేస్తే ఒక ఘనత. వీళ్లకు ఒకే చట్టం మీద రెండు: చేసినందుకొకటి, రద్దు చేసినందుకొకటి.

మూడు రాజధానుల బిల్లు చూడండి. 2020 జనవరి 20న 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నుంచి చరిత్రంతా తవ్వి తీసి సభలో పెట్టింది అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ గారు. 2021 నవంబర్ 22న ఆ చట్టాన్ని రద్దు చేసే బిల్లు పెట్టిందీ బుగ్గన గారే. సభ మొదటిసారీ సరే అంది, రెండోసారీ సరే అంది. ఇంతకంటే సమగ్రమైన, మెరుగైన బిల్లుతో మళ్లీ వస్తామని ముఖ్యమంత్రి జగన్ మాటిచ్చారు. ఎన్నికలు వచ్చాయి, బిల్లు రాలేదు.

అయితే ఇది ట్రైలరే. అసలు సినిమా శాసనమండలి. ఎప్పుడు గుర్తొచ్చినా నాకు కడుపు నిండిపోతుంది.

రాజధాని బిల్లులు మండలికి వెళ్లాయి. అక్కడ తెలుగుదేశానిది మెజారిటీ. 2020 జనవరి 22న ఛైర్మన్ షరీఫ్ తన విచక్షణాధికారం వాడి బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపారు. పంపారు సరే, కమిటీ ఏది? కమిటీ వేయమన్న ఫైలు కార్యదర్శి దగ్గరికి వెళ్లి, నిబంధనలు ఒప్పుకోవంటూ అంతే భద్రంగా వెనక్కి వచ్చింది. లేని కమిటీ పరిశీలనలో ఉన్న బిల్లులుగా అవి చరిత్రకెక్కాయి. ప్రభుత్వం ఇక ఆగలేదు. అయిదో రోజుకల్లా, జనవరి 27న, అసలు మండలే వద్దని శాసనసభ తీర్మానించేసింది. అనుకూలం 133, వ్యతిరేకం సున్నా. ప్రతిపక్షం సభలో లేదు కాబట్టి సున్నాకి కూడా పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది. ఏడాదికి 60 కోట్లు దండగ, పేద రాష్ట్రానికి ఇది అవసరమా అని ముఖ్యమంత్రి నిలదీశారు. నిజమే కదా అనిపించింది కూడా.

ఆ మండలిని వద్దన్న మంత్రివర్గంలోనే పిల్లి సుభాష్‌చంద్రబోస్, మోపిదేవి వెంకటరమణ ఉన్నారు. ఇద్దరూ 2019లో ఓడిపోయి, మండలి పుణ్యమా అని మంత్రులైనవారు. కూర్చున్న కొమ్మ నరుకుతున్నా వాళ్ల మొహాల్లో టెన్షన్ లేదు. ఎందుకుంటుంది, ఆ జూన్‌లోనే ఇద్దరూ రాజ్యసభకు వెళ్లిపోయారు. పైగా ఈ మండలికి ఇదేం కొత్త కాదు. 1985లో ఎన్టీఆర్ తీసేశారు, 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో తిరిగొచ్చింది. తండ్రి తెచ్చినదాన్ని కొడుకు తీసేస్తున్నాడంటే త్యాగం ఏ స్థాయిదో మీరే ఊహించుకోండి.

ఒకే చిక్కు. మండలి రద్దు కావాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. ఢిల్లీ ఆ కాగితం ముట్టుకోలేదు. ఈలోగా ఆ దండగమారి మండలికే పార్టీ తన మనుషుల్ని విడతలు విడతలుగా పంపుతూ పోయింది. ఎమ్మెల్యే కోటా, గవర్నర్ కోటా, స్థానిక సంస్థల కోటా, ఏదీ వదల్లేదు. మెజారిటీ ఇటు తిరిగింది. 2021 నవంబర్ 19న ఛైర్మన్ కుర్చీలో సొంత పార్టీ మోషేన్‌రాజు గారు కూర్చున్నారు. 23న శాసనసభ మళ్లీ తీర్మానించింది: మండలి ఉండాలి! నాలుగు రోజుల్లో ఆ 60 కోట్లు దండగ నుంచి పెట్టుబడిగా మారాయి. రాజధానుల చట్టం రద్దయిన మర్నాడే ఇది. వరసగా రెండు రోజులు, తాము చేసినవాటిని తామే చెరుపుకోవడం. ఏ ప్రతిపక్షమైనా ఆ వేగం అందుకోగలదా?

హెల్త్ యూనివర్సిటీ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. 2022 ఏప్రిల్‌లో విజయవాడ చుట్టుపక్కల ప్రాంతానికి ఎన్టీఆర్ జిల్లా అని పేరు పెట్టారు. సెప్టెంబర్‌లో, అదే జిల్లాలో ఉన్న, ఎన్టీఆర్ స్థాపించిన విశ్వవిద్యాలయానికి ఆయన పేరు తీసేశారు. చేతికిచ్చింది జేబులోంచి లాక్కున్నారన్నమాట. తర్వాత వచ్చిన తెలుగుదేశం కూటమి మళ్లీ పాత పేరు పెట్టింది, జగన్ ప్రభుత్వం భూమి హక్కుల మీద తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్నీ రద్దు చేసింది. వాళ్ల చిట్టా కూడా చెరుపుళ్లతోనే మొదలైందన్నమాట. అంటువ్యాధి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. దిశ దగ్గర నాకు నవ్వు రాదు.

2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో ఒక యువ డాక్టర్‌ని అత్యాచారం చేసి చంపేశారు. ఆమె అసలు పేరు బయట పెట్టకూడదని 'దిశ' అన్నారు. డిసెంబర్ 13కల్లా ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో దిశ బిల్లు పాసైంది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు. కేంద్ర చట్టాలతో ముడిపడిన బిల్లుకు రాష్ట్రపతి ఆమోదముద్ర కావాలని లా కాలేజీ కుర్రాడికి కూడా తెలుసు. ఆ ముద్ర పడకముందే, 2020 ఫిబ్రవరి 8న, రాజమహేంద్రవరంలో మొదటి దిశ పోలీస్ స్టేషన్ తెరిచారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 2024లో దిగిపోయేదాకా కూడా ఆ ఆమోదం రాలేదు. ఆపదలో ఉన్న ఆడవాళ్లు పోలీసుల్ని పిలవడానికి పెట్టిన దిశ యాప్ పనికొచ్చింది, కాదనను. కానీ ఫోన్ చేస్తే పోలీసులు రావడానికి కొత్త చట్టం దేనికి? అది వాళ్ల డ్యూటీ!

అయినా ఇప్పటికీ దిశ చట్టం తెచ్చింది మేమేనంటారు. ఏ చట్టమండీ? దాని కింద ఏ కోర్టు 21 రోజుల్లో ఎవరికి శిక్ష వేసింది? మండలిని పడగొట్టుకోండి, మళ్లీ నిలబెట్టుకోండి, బోర్డుల మీద పేర్లు మార్చుకోండి, మీ ఆట మీది. కూతురికి అన్యాయం జరిగి ఏడుస్తూ స్టేషన్ మెట్లెక్కే తల్లికి లేని చట్టాన్ని ఉందని చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది?