ఆకలికి డీఎన్ఏ బాగుపడుతుందట!

వారంలో ఏడుసార్లు వచ్చింది ఆ మెసేజ్. కాలేజీ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడుసార్లు, మిగతా రెండూ "నువ్వు మైక్రోబయాలజీ కదా, ఒకసారి చూడు" అంటూ విడిగా. ఇంకా అందని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నదేమిటో చెబుతాను. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా తిండి దొరక్కపోతే గట్టి పెంకులో నిద్రపోయే రూపమైన స్పోర్‌గా మారుతుంది. అప్పుడు డీఎన్ఏ రిపేర్ జన్యువులు మేలుకుంటాయి. స్పోర్ లోపల ఆ ఎంజైములు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. అల్ట్రావయొలెట్ దాన్నేమీ చేయలేదు. 25 కోట్ల ఏళ్ల నాటి స్పోర్ కూడా బతికొచ్చింది. కాబట్టి మనం 11 రోజులు నీళ్ల మీద ఉంటే మన డీఎన్ఏ కూడా కొత్తదైపోతుంది, "షుగర్, క్యాన్సర్ ఉన్నవాళ్లు తప్పక చేయాలి".

25 కోట్ల ఏళ్ల సంగతి ముందు తేల్చేస్తాను. అమెరికాలో ఒక ఉప్పు స్ఫటికంలోంచి తీశామని 2000లో ఒక పేపర్ వచ్చింది. అది నిజంగా అంత పాతదా, బయటిది కలిసిందా అన్న తగువు అప్పటి నుంచీ ఉంది. వదిలేద్దాం.

"రాత్రింబవళ్లు పనిచేసే ఎంజైములు" అన్నది శుద్ధ అబద్ధం. స్పోర్ లోపల నీళ్లు చాలా తక్కువ, కణానికి శక్తినిచ్చే ఏటీపీ దాదాపు లేదు, డైపికోలినిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి గట్టిగా కూరి ఉంటుంది. అక్కడ ఏ ఎంజైమూ కదలదు. స్పోర్ తయారవుతున్నప్పుడే రిపేర్ సామాను లోపల పెట్టి షెడ్డుకు తాళం వేసినట్టు అనుకోండి. నిద్రలో ఉన్నన్నాళ్లూ దెబ్బలు పేరుకుంటూనే ఉంటాయి, మొలకెత్తాకే మరమ్మతు మొదలవుతుంది.

అల్ట్రావయొలెట్ కూడా అంతే. ఏమీ చేయలేకపోవడం కాదు, వేరే రకం దెబ్బ తగులుతుంది. చిన్న చిన్న ప్రొటీన్లు డీఎన్ఏను కప్పేసి దాని ఆకారాన్నే మార్చేస్తాయి. దాంతో పక్కపక్కన ఉన్న థైమీన్లు (డీఎన్ఏ అక్షరాల్లో ఒక రకం) మామూలుగా అతుక్కునే తీరులో కాక, 'స్పోర్ ఫొటోప్రొడక్ట్' అనే ఇంకో రకంగా అతుక్కుంటాయి. మొలకెత్తేటప్పుడు ఒక లైయేజ్ ఎంజైమ్ ఆ అతుకును విప్పి, థైమీన్లను మళ్లీ మామూలుగా చేస్తుంది. దీనివల్ల స్పోర్ మామూలు కణం కంటే 10 నుంచి 50 రెట్లు తట్టుకుంటుంది. మోతాదు పెంచితే అదీ చస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం, ఉపవాసం. మా పెద్దమ్మ షుగర్ మాత్రలు వేసుకుంటుంది. నిన్న ఫోన్ చేసి "ఈ పదకొండు రోజులది మొదలుపెట్టనా?" అని అడిగింది. నా ఓపిక అక్కడితో అయిపోయింది.

అయ్యా, ఆ బ్యాక్టీరియా ఆకలికి ఏం చేస్తుందో పూర్తిగా చెప్పండి. ముందు తోటి కణాలను విషం పెట్టి చంపి, వాటి సారం తింటుంది. స్పోర్ కావడాన్ని వాయిదా వేయడానికి! శాస్త్రవేత్తలు దీన్ని క్యానిబాలిజం అనే అన్నారు. ఇదేం ఉపవాసమో మరి. అదీ కుదరకపోతే కణం మధ్యలో కాక ఒక చివర గోడ కట్టుకుని, చిన్న గది, పెద్ద గదిగా చీలుతుంది. చిన్న గదే తర్వాత స్పోర్ అవుతుంది. ఏ జన్యువులు మేలుకోవాలో చెప్పే ప్రొటీన్లు సిగ్మాలు: చిన్న గదిలో సిగ్మా ఎఫ్, తర్వాత సిగ్మా జి పెత్తనం. పెద్ద గదిలో, అంటే తల్లి కణంలో, సిగ్మా ఇ, తర్వాత సిగ్మా కె. మీరు మురిసిపోతున్న ఆ లైయేజ్ జన్యువు సిగ్మా జి మాట వింటుంది, అంటే చిన్న గదిలోనే. తల్లి కణం సంగతా? సిగ్మా కె జన్యువును అతికించుకోవడానికి తన డీఎన్ఏలోంచి 48 వేల అక్షరాల ముక్కను కోసి పారేస్తుంది. ఆకలికి డీఎన్ఏ బాగుపడటమంటే ఇదా?

ల్యాబులో మలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు వేసి, ఆవిరి మీద పెట్టి, కడిగి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేస్తే ఎర్రటి కడ్డీల్లో ఆకుపచ్చ చుక్కలు, అంటే స్పోర్లు, కనిపిస్తాయి. అదే కల్చర్‌ను ఇంకో రోజు ఉంచి చూడండి. కడ్డీలు పోయి చుక్కలే ఎక్కువగా మిగులుతాయి. పోయిన ఆ కడ్డీలే తల్లి కణాలు. స్పోర్ తయారుకాగానే పగిలి చచ్చిపోయాయి. కాబట్టి 11 రోజులు మొదలుపెట్టేవాళ్లు తాము కడ్డీయో చుక్కో ముందే తేల్చుకోండి.

ఒకటి ఒప్పుకుంటాను. ఆకలికి మన కణాలూ స్పందిస్తాయి, తమలోని పాత సామాను తామే జీర్ణం చేసుకుంటాయి. దాన్ని ఈస్ట్‌లో విప్పి చూపినందుకే జపాన్ శాస్త్రవేత్త ఒహ్సుమీకి 2016లో నోబెల్ వచ్చింది. కానీ అది ఆటోఫాజీ, డీఎన్ఏ రిపేర్ కాదు, షుగర్ మందూ కాదు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోయి మనిషే పడిపోవచ్చు. ఇంకొకటీ ఒప్పుకుంటాను: ఈ లైయేజ్ విషయంలో బ్యాక్టీరియా మనకంటే గొప్పదే. ఆ జన్యువు మనకు అసలు లేదు. 11 కాదు, 111 రోజులు పస్తున్నా లేని జన్యువు మేలుకోదు.

పెద్దమ్మకు సిగ్మా జి గురించి చెప్పలేదు. ఇడ్లీ తిని మాత్ర వేసుకోమన్నాను.