ముద్ర చూశాక చుక్కలు పెడితే అది పరీక్షేనా?

కావలిలో తాళం పగిలినా, ఒంగోలులో బీరువా తెరుచుకున్నా మర్నాటి వార్తలో ఆఖరి వాక్యం మారదు: ‘క్లూస్ టీం వేలిముద్రలు సేకరించింది.’ ఇక దొంగ సగం దొరికినట్టేనని మన నమ్మకం. ఏడేళ్లు, ఆపై శిక్ష పడే నేరాలకు ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వెళ్లాలని కొత్త చట్టం చెప్పాక అది ఇంకా ముదిరింది.

సేకరణలో తప్పులు కంటికి కనిపిస్తాయి. కార్తీకం వానలకు తడిసిన కిటికీ ఊచ మీద అల్యూమినియం పొడి వేస్తే ముద్దకట్టి గీతలు పూడిపోతాయి. అక్కడ మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి కలిపిన ద్రవం చల్లాలి. నీళ్లలో నానిన కాగితానికి నిన్‌హైడ్రిన్ అనే రసాయనం దండగ, అది పట్టుకోవాల్సిన చెమటలోని అమైనో ఆమ్లాలు అప్పటికే కొట్టుకుపోయి ఉంటాయి. ప్లాస్టిక్ కవరైతే సూపర్ గ్లూ పొగ. ఇవన్నీ శిక్షణతో సర్దుకునేవే.

అసలు పేచీ ల్యాబ్ బల్ల దగ్గర. నేరం జరిగినచోట దొరికే ఛాన్స్ ప్రింట్ నిండు ముద్ర కాదు; జారిన, నలిగిన ముక్క. అందులో గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్నది ముందే చుక్కలు పెట్టి గుర్తించి, రాసి, సంతకం పెట్టాలి. ఆ తర్వాతే అనుమానితుడి ముద్ర బల్ల మీదికి రావాలి. వరస తిరగబడితే, నిండు ముద్రలో చూసిన చీలిక మసకలోనూ ఉన్నట్టే తోస్తుంది. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో జరిగింది ఇదే. డిటొనేటర్ల సంచి మీది ముద్రకు కంప్యూటర్ ఇచ్చిన జాబితాలో నాలుగో వ్యక్తి ఒక అమెరికన్ లాయరు. ఎఫ్‌బీఐ నిపుణులు ఒకరి వెనక ఒకరు అతనిదేనన్నారు. అది అల్జీరియా వాసిదని స్పెయిన్ పోలీసులు తేల్చారు. మన నాఫిస్ (జాతీయ వేలిముద్రల కంప్యూటర్ వ్యవస్థ) కూడా దేశమంతటి రికార్డుల్లోంచి దగ్గరి పోలికలు తీసిచ్చేదే. రికార్డులు పెరిగేకొద్దీ పొరపాటు పడేంత దగ్గరి పోలికలూ పెరుగుతాయి.

రెండో నిపుణుడు సరిచూస్తాడు కదా అంటారు. మొదటాయన తేల్చింది తెలిసి, ఆయన పెట్టిన చుక్కల మీదే చూస్తే అది సాక్షి సంతకం. పైగా ఇలాంటి పాయింట్లు, అంటే గీతలు ఆగిన, చీలిన చోట్లు, ఎన్ని కలవాలో మన చట్టంలో లేదు. 16 కావాలన్న ఇంగ్లండ్ కూడా 2001లో ఆ లెక్క వదిలేసింది. అంకె లేనప్పుడు మిగిలేది పోలికకు ముందు రాసిన నోట్సే. డిఫెన్స్ లాయరు అడగాల్సింది దాన్ని.

అదే వేలు రేషన్ దుకాణానికి వెళ్తే అంతా తలకిందులు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టి గీతలు అరిగిన కూలీ ఎదురుగా నిలబడి నాలుగుసార్లు బొటనవేలు ఆన్చినా ఈ-పోస్ మిషన్ కాదంటుంది. బియ్యానికి నిండు వేలు చాలదు, జైలుకు ముక్క చాలు. మిషన్ ఎందుకు కాదందో డీలరు రాసివ్వడు. ల్యాబ్ రిపోర్టూ ‘కలిశాయి’ అన్న ఒక్క ముక్కతో సరిపెడితే ఇద్దరికీ తేడా ఏమిటి?